ఒక చుట్ట దూరం

ఇంటికి రంగులు వేయించే హడావుడిలో అటక ఖాళీ చేస్తుంటే, పాత దిండ్ల వెనక నుంచి నల్లటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి బయటపడింది. చెయ్యంత పొడవు, భుజానికి తగిలించుకోవడానికి పట్టీ. రంగులేసే మేస్త్రి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "లోపలేదో దొర్లుతుంది సార్. తుపాకీ కాదుగదా?" అని నిచ్చెన మీద నుంచే అడిగాడు. కాదని నిరూపించడానికి మూత తీశాను. ముందుగా ఆకుపచ్చ గోళీ ఒకటి రాలి, గదంతా తిరిగి, ఫ్రిజ్ కిందికి దూరింది. దాని వెనకే ట్రేసింగ్ కాగితం మీద గీసిన గుంటూరు పటం జారి పడింది. మేస్త్రి దిగొచ్చి వంగి చూశాడు. ఆయనది గుంటూరు పక్క నల్లపాడు. "ఇందులో ఉన్నవేవీ గుంటూర్లో లేవు సార్" అన్నాడు, విద్యార్థి తప్పు పట్టుకున్న లెక్కల మాస్టారిలా. లేవు, నిజమే. లేనివాటి కోసమే గీశాం. గీసింది కూడా గుంటూర్లో కాదు, షార్జాలో. మా ఆవిడ గోళీని చీపురుతో బయటికి లాగి, "ఈ దరిద్రాన్ని ఇంకా దాచారా?" అంటూ నా చేతిలో పెట్టింది. ఆ దరిద్రం మీద ఒక మనిషి ఇల్లు నిలబడిందని ఆవిడకీ తెలుసు, కాకపోతే రంగుల రోజున గుర్తు రాదు.

రెండు వేల నాలుగో, ఐదో. అల్ నహ్దాలో నాలుగో అంతస్తు, రెండు పడగ్గదుల ఫ్లాటు. ఒక గది మలయాళీలది, ఒకటి మాది. మా గదిలో నలుగురం. నలుగురికీ పెళ్ళాలున్నారు, ముగ్గురికి పిల్లలు కూడా. అయినా కుటుంబం వెంట లేని మగాడెవడైనా ఆ దేశంలో బ్యాచిలరే కాబట్టి, మేం నడివయసు బ్యాచిలర్లం. నేను దుబాయ్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్ని. ఇతరుల తప్పులు దిద్ది జీతం తీసుకోవడం నా వృత్తి. చలికాలం రాగానే గుర్రప్పందాల పేజీ నా నెత్తిన పడేది. ఏ గుర్రం ఎంత దూరాన్ని ఎన్ని నిమిషాల్లో కొట్టింది, దాని తల్లెవరు, తాత ఎవరు, అన్నీ నేనే సరిచూడాలి. మా మేనమామల పేర్లు తడుముకుంటాను గానీ ఆ గుర్రాల వంశాలు కొన్ని ఇప్పటికీ నోటికొస్తాయి. ఈ గుర్రాల సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను సిగ్గుపడాల్సిన చోట అవి మళ్ళీ వస్తాయి.

రెండో మంచం ఆంజనేయులుది. నాలాగే గుంటూరు. అల్ కుసైస్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ముప్ఫై అంతస్తుల టవర్లు గీస్తానని ఊళ్ళో చెప్పుకునేవాడు గానీ, గీసేది ఆ టవర్లలో మరుగుదొడ్ల పైపులు. మూడో మంచం రాజన్నది. జగిత్యాల పక్క పల్లె. జేసీబీ నడిపేవాడు. మా బిల్డింగు ఎదురుగా ఉన్న ఇసుక స్థలంలో పునాదులు తవ్వేది ఆయనే కాబట్టి, పొద్దున ఆయన పనికి వెళ్ళాక కూడా మాకు ఆయన గురక ఆగినట్టు ఉండేది కాదు. నాలుగో మంచం, కిటికీ పక్కది, ఏసీ గాలి నేరుగా తగిలేది, పెద్దరికం కింద సాంబశివరావు బాబాయిది.

బాబాయి మాకెవరికీ వరసకి బాబాయి కాదు. చీరాల్లో ఒక పొగాకు కంపెనీలో గ్రేడరుగా చేసి, అది మూతపడితే షార్జా వచ్చి టైల్స్ గోడౌన్లో స్టోర్‌కీపరైన మనిషి. ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని ఏ నేలలో పండింది, ఆకు కాల్చే ఏ బ్యారన్లో ఎన్ని రోజులు కాలింది చెప్పేవాడట. టైల్స్‌కి వాసన ఉండదు. పనిలేని ఆ ముక్కు ఇంటికొచ్చి మా మీద పడేది. లిఫ్ట్ దిగుతూనే, "మూడో అంతస్తులో ఉల్లిపాయలు మాడినయ్యిరా, ఆ పిల్ల కొత్తగా కాపరానికొచ్చినట్టుంది" అనేవాడు. వంట వంతు ఎవరిదైనా తాలింపు దగ్గర ఆయన నిలబడాల్సిందే. "ఇంగువ ముందేశావేందిరా? వంకాయని చంపేశావు" అని తీర్పు చెప్పి, ఆ చచ్చిన వంకాయనే రెండుసార్లు కలుపుకునేవాడు. బట్టలకి పురుగు పట్టకుండా పెట్టెలో మడతల మధ్య ఎండు పొగాకు ఆకులు పెట్టుకునేవాడు. మా సెలవు రోజైన శుక్రవారం పొద్దున ఆయన పెట్టె తెరిస్తే చాలు, బెల్లం పాకంలో ఎవరో తుమ్మినట్టు గదంతా ఆ వాసన. ఆంజనేయులూ నేనూ చేస్తున్న పని ఆపేసేవాళ్ళం.

ఎందుకంటే అది మా ఊరు. మా చిన్నప్పుడు గుంటూరు మిరపకాయ వాసన వేసేదని అంతా అంటారు. వేసేది, కానీ సగం ఊళ్ళోనే. మిగతా సగం పొగాకుది. రోడ్డు పొడవునా కంపెనీలు, తాటిచెట్టంత ఎత్తు రేకుల గోడౌన్లు, వాటి చుట్టూ రాతి ప్రహరీలు. పొద్దున సైరన్ కూయగానే మా వీధి ఆడవాళ్ళు సగం మంది క్యారేజీలు పట్టుకుని గ్రేడింగుకి పరిగెత్తేవాళ్ళు. సాయంత్రం వాళ్ళు తిరిగొస్తుంటే ముందు వాసన వచ్చేది, తర్వాత మాటలు, ఆ తర్వాత మనుషులు. మా నాయనమ్మ ఇంట్లో గడియారం ఉన్నా సైరన్ని బట్టే పప్పు దించేది. కంపెనీకి సెలవైతే ఆ రోజు మాకు పప్పు మాడేది. ముక్కులో నశ్యం దట్టించుకుంటూ, "పొగతాగే మగాళ్ళు చెడిపోతారు" అని మాకు నీతి చెప్పేది. అలా నీతి చెప్పే పెద్దలున్న ఊళ్ళో పెరిగాం కాబట్టి మాకు ఏదీ మరీ పవిత్రంగా అనిపించదు.

బాబాయికి అరవై దగ్గరపడింది. వీసా ఇంక పొడిగించేది లేదని కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, చెప్పేశాడు. ఖలాస్, మూడు నెలల్లో ఇంటికి. చిక్కు ఏమిటంటే ఇల్లు లేదు. ఇరవై ఏళ్ళుగా పిన్ని చీరాల్లో వాళ్ళన్నయ్య ఇంటి వసారాకి తడకలు కట్టుకుని ఉంటోంది. ఫోన్ చేస్తే ఆమె గొంతు మాకూ వినపడేది. "మీరొస్తే మా వదిన ఆ వసారా కూడా ఖాళీ చెయ్యమంటది. వచ్చేటప్పుడు దుప్పట్లు కాదు, ఓ గుమ్మం తెండి" అనేది. బాబాయికి ఉన్నదల్లా వాళ్ళ నాన్న గుంటూరు శివార్లలో కొన్న కాస్త స్థలం. ఆ నాన్న జట్కా బండి తోలేవాడు. జట్కాల వాళ్ళు కొందరు కలిసి తలా ముక్క కొన్నారట. కొన్న రెండేళ్ళకే ఆయన పోతే, తల్లి పిల్లల్ని తీసుకుని చీరాల పుట్టింటికి చేరింది. బాబాయి ఆ స్థలాన్ని చూసింది ఏడేళ్ళప్పుడు, అదీ రెండుసార్లు. ఆ తర్వాత దస్తావేజు చూడటమే.

దస్తావేజులో చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, ఇలా ఉన్నాయి. తూర్పు, పొగాకు కంపెనీ ప్రహరీ గోడ. దక్షిణం, జట్కాల వారి గుర్రాల కొట్టం. పడమర, మస్తాన్ సాయిబు సోడా ఫ్యాక్టరీ గోడ. ఉత్తరం, బండ్లబాట. ఇప్పుడు నాలుగూ లేవు. గుంటూర్లో పొగాకు కంపెనీ గోడ పక్కన అంటే సముద్రంలో నీళ్ళ పక్కన అన్నట్టే. ఆ ఒక్క రోడ్డు మీదే ఒకదాని తర్వాత ఒకటి అలాంటి కంపెనీలు ఉండేవి, అన్నీ కూలి అపార్టుమెంట్లయ్యాయి. సర్వే నంబరు ఉంది, కానీ దాని కింద ఎకరాలకి ఎకరాలు. ఏదో ఒక హద్దు తేలిస్తే మిగతాది నేను కొలిచి పెడతానని టౌన్ సర్వేయరు అన్నాడట. అదైనా ఎక్కడని తేల్చాలి? బాబాయికి గుర్తున్నది వాళ్ళ నాన్న మాట ఒక్కటే: "రైలు గేటు దగ్గర చుట్ట ముట్టిస్తే, మన స్థలం దగ్గర పారేస్తా." రైలు గేటు ఇప్పటికీ ఉంది. రైళ్ళున్నంత కాలం ఉంటుంది.

అలా మొదలైంది పటం. ఆంజనేయులు ఆఫీసు నుంచి ట్రేసింగ్ కాగితం తెచ్చాడు. శుక్రవారాలు పప్పు తిని, అన్నం గిన్నె పక్కకి తోసి, నేల మీద పరిచేవాళ్ళం. మొదట్లో స్థలం కోసమే గీశాం. రెండో శుక్రవారానికి స్థలం సంగతి మర్చిపోయి మా గొప్పలు గీయడం మొదలెట్టాం. మా నాయనమ్మ పప్పు దించిన సైరన్ స్తంభం నేను పెట్టించాను. ఆంజనేయులు తన టూరింగ్ టాకీసు పెట్టుకున్నాడు. దాన్ని రంగు పెన్సిల్‌తో దిద్దాడు కూడా.

రాజన్న మంచం మీద పడుకుని ఒక కన్ను తెరిచాడు. "ఏందన్నా, మీ గుంటూరుల ఉన్నయన్ని కూలినయేనా? నిలవడ్డది ఒక్కటన్న లేదా?"

"నిలబడ్డదాన్ని గీయటం ఎందుకు రాజన్నా, వెళ్ళి చూస్తే పోలా" అన్నాడు ఆంజనేయులు.

"మరి గీ టాకీసేంది? నువ్వే అంటివి గద డేర అని. డేర గూడ బిల్డింగేనా? గట్లయితే మా ఊర్ల ఎడ్లబండి ఆగిన జాగ గూడ గీయి."

"నోరు మూసుకుని పడుకో. ఇంటర్వెల్లో మేం సోడా తాగింది మస్తాన్ సాయిబు దగ్గరే. టాకీసు అవతల, కాస్త దూరంలో" అని ఆంజనేయులు నా వైపు తిరిగాడు. "గేటు నుంచి సైకిలేసుకుని పోయేవాళ్ళం గురూ. కాళ్ళు పీకేవి."

"నువ్వప్పుడు బుడంకాయవి. నీకన్నీ దూరమే" అన్నాడు బాబాయి. నేనూ తలూపాను. ఈ మాట గుర్తుంచుకోండి. మా మధ్య సరైన సమాధానం ఆ రోజే, ఆ గదిలోనే పలికింది. పలికినవాణ్ణి మేం నోరు మూయించాం.

గేటు నుంచి ఒక చుట్ట దూరమంటే ఎన్ని మీటర్లు? ఇది కొలిస్తే సరిపోతుందన్న ఆలోచన నాదే. పత్రికలో ఉన్నవాడికి ఏదైనా అంకెగా మారిస్తేగానీ నిద్ర పట్టదు. సెలవు నుంచి తిరిగొస్తున్న ఒకాయనతో ఆవకాయ డబ్బాల మధ్య చుట్టల కట్ట తెప్పించాం. ఒక శుక్రవారం సాయంత్రం నలుగురం రోడ్డెక్కాం. బాబాయి లుంగీ విప్పి ప్యాంటు తొడుక్కుని, చుట్ట ముట్టించి, పేవ్‌మెంట్ వెంట నడుస్తున్నాడు. వెనక ఆంజనేయులు ఆఫీసు నుంచి తెచ్చిన కొలత చక్రం తోసుకుంటూ. నేను వాచీతో. రాజన్న ఊరికే, మమ్మల్ని చూసి నవ్వడానికి. గాలికి చుట్ట రెండుసార్లు ఆరింది. ఆరినప్పుడు ఆగి వెలిగించుకునే సేపు లెక్కలో వేయాలా వద్దా అని నడిరోడ్డు మీద వాదించుకున్నాం. అప్పుడే ఒక అరబ్బు పెద్దమనిషి కారు ఆపి, అద్దం దించి, "శూ హాదా?" అన్నాడు. ఇదేమిటయ్యా అని. గుంటూరు జట్కా సంగతి అరబ్బీలో చెప్పడం మా వల్ల కాదు. రాజన్న ఆంజనేయులు భుజం మీద చెయ్యేసి, "ముహందిస్, ముహందిస్" అన్నాడు. ఇంజనీరు అనేసరికి ఆ పెద్దమనిషి చక్రాన్నీ, పొగ వదులుతున్న బాబాయినీ ఒకసారి చూసి, ఈ దేశంలో ఇంజనీర్లు ఇలాగే ఉంటారన్నట్టు తలాడించి, యల్లా, కానివ్వండి అని వెళ్ళిపోయాడు.

చుట్ట అయిపోయిన చోట కొలత చక్రం కిలోమీటరు మీద రెండు వందల మీటర్లు చూపించింది. పటంలో గేటు నుంచి సరిగ్గా అంత దూరంలో ఎర్ర సిరాతో బాబాయి స్థలం పడింది. పక్కన సోడా ఫ్యాక్టరీ, గుర్రాల కొట్టం, కంపెనీ గోడ. టూరింగ్ టాకీసుకి చోటు చాలలేదు. మురుగుకాలవలోకి జరిపాం. ఆంజనేయులు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. నేను మాత్రం కాగితం కింద నా సంతకం కూడా పెట్టాను, సరిచూశానన్నట్టు.

బాబాయి వెళ్ళే రోజు పెట్టెలోంచి పొగాకు ఆకులు తీసి మా ముగ్గురి దిండ్ల కింద తలా ఒకటి పెట్టాడు. గొట్టం భుజానికి తగిలించుకున్నాడు, యుద్ధానికి వెళ్తున్నట్టు. "ఒరే పేపరోడా, మీ పటం ఉండగా నాకు భయమేందిరా? ఏడాది తిరగకుండా గృహప్రవేశం. టికెట్లు కొనుక్కోండి" అన్నాడు. ఆ మంచం చాలా రోజులు ఖాళీగా ఉంది. మూడో అంతస్తులో ఏం మాడుతోందో మాకెవరూ చెప్పేవాళ్ళు లేకపోయారు.

మూడో శుక్రవారం ఫోన్ వచ్చింది. ఆంజనేయులు స్పీకర్ పెట్టాడు.

"ఒరే, మీ పటం బాగుందిరా. ఎయిర్‌పోర్టులో కస్టమ్సోళ్ళు కూడా విప్పించి చూశారు. సర్వేయరు గారైతే కళ్ళజోడు మార్చి మరీ చూశాడు."

"ఏమన్నాడు బాబాయ్?"

"దీని ప్రకారం మీ స్థలం డివైడర్లో ఉందండీ అన్నాడు. గన్నేరు మొక్కల మధ్య. రోజు మార్చి రోజు మునిసిపాలిటీ వాళ్ళే నీళ్ళు పోస్తన్నారు, మీకా శ్రమ కూడా లేదు అన్నాడు."

మేం నవ్వబోయి ఆగాం.

"మీ పిన్ని కూడా వచ్చిందిరా చూడటానికి. పాపం కొత్త చీర కట్టుకొచ్చింది. ఆ మొక్కల్ని చూసి, 'గన్నేరు కాయలు రెండు కోసుకురండి, మనిద్దరికీ సరిపోయిద్ది' అంది. ఇంతదాకా మళ్ళీ మాట్లాడలా." ఆయన గొంతులో ఎగతాళి అలాగే ఉంది గానీ, కింద ఏదో జారిపోయింది. "వాళ్ళ వదిన తడకలు విప్పిచ్చిందిరా. ఆ వసారాలో కుట్టు మిషను పెడతారంట. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాల."

నా సంతకం ఉన్న కాగితం అది. ఏదో ఓదార్పు వెతుకుతున్నాను. రాజన్న మంచం మీంచి లేచి ఫోన్ దగ్గరికొచ్చాడు.

"కాకా, ఆడ సోడా ఫ్యాక్టరీ ఉండెనంటివి గద?"

"ఉండేది రాజన్నా. కూలిపోయి ముప్ఫై ఏళ్ళయింది."

"కూలితె ఏమాయె? గోడ పోతది గని పునాది యాడికి పోతది? నేను దినాం తవ్వుతున్న, నాకెర్కే. ముందటి కెఫెటీరియా పోయి ఆర్నెల్లాయె, నిన్న దాని చాయ్ కప్పులు ఎల్లినయ్. సోడా ఫ్యాక్టరంటె సీసలు పల్గుతయ్. పల్గిన సీసలు ఆడ్నే గోడ పొంటి పారేస్తరు. అండ్ల గోలీలుంటయ్. గోలీలు కుళ్ళయి, కరుగయి. కాయితం పక్కకు పెట్టి గడ్డపార పట్టు కాకా."

"యాడ తవ్వను? గన్నేరు మొక్కల కిందా?"

దానికి సమాధానం నాకు మరుసటి వారం ఆఫీసులో, కంప్యూటర్ ముందు, సిగ్గు పడాల్సిన చోట దొరికింది. గుర్రప్పందాల పేజీ. గెలిచిన గుర్రం ఫోటో కింద అది ఎంత దూరాన్ని ఎంతసేపట్లో కొట్టిందో రాస్తున్నాను. అంకె సరిచూసుకుంటూ గుర్రం మొహం చూశాను. అది కూడా నన్నే చూస్తున్నట్టుంది, ఇంత తెలివితక్కువ వెధవ నా పేజీ దిద్దుతున్నాడా అని. పేజీ అలాగే వదిలేసి, మెట్లు దిగి, కాలింగ్ కార్డు కొని, కింద బూత్ నుంచి ఫోన్ చేశాను.

"బాబాయ్, మీ నాన్న గేటు నుంచి ఆ స్థలానికి నడిచి వెళ్ళేవాడా?"

అటు వైపు పెద్దగా గాలి పీల్చిన చప్పుడు.

"ఓరి మీ పటం తగలెయ్య. ఇంట్లో గుర్రాన్ని పెట్టుకుని నడవటానికి మా నాన్నకేమన్నా పిచ్చా?"

చుట్ట కొలిచాం, అది ఆరిన నిమిషాలు కొలిచాం, గాలి వాటం గురించి కూడా వాదించుకున్నాం. జట్కా తోలేవాడి చుట్టకి ముందు గుర్రం ఉంటుందని నలుగురు పెద్దమనుషుల్లో ఒక్కడికీ తోచలేదు. సైకిలు తొక్కి కాళ్ళు పీక్కుపోయిన ఆంజనేయుల్ని కాలవలోకి తోసేశాం.

తర్వాత జరిగింది బాబాయి ఫోన్లో ఒక ముక్క, పిన్ని తర్వాత ఇంకో ముక్క చెబితే అతికించుకున్నది. గుంటూర్లో జట్కాలు ఎప్పుడో పోయాయి. బాబాయి గేటు దగ్గర ఆటో మాట్లాడుకుని, చుట్ట ముట్టించి, గుర్రం నడిచినంత వేగంతో పోనిమ్మన్నాడు. ఆటో అతనికి గుర్రం వేగం తెలియదు. బాబాయి వెనక సీట్లోంచి నాలుకతో టకటక శబ్దం చేస్తూ తాళం వేశాడు. వెనక లారీలు హారన్లు కొట్టాయి. "తాతా, నీకు దణ్ణం పెడతా, దిగి నడువు" అన్నాడట ఆటో అతను. పిన్ని ముందు సీటు కమ్మీ పట్టుకుని, తెలిసినవాళ్ళెవరూ చూడకుండా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. డివైడర్ గన్నేరు మొక్కలు ఎప్పుడో వెనకపడ్డాయి. చుట్ట చివర వేలికి చుర్రుమన్నప్పుడు ఎదురుగా ఉన్నది పాత ఇనప సామాను కొట్టు. దాని పక్కన ముళ్ళకంప, ఇటుక ముక్కలు, రెండు మేకలున్న ఖాళీ నేల.

తన మేకలు మేసే చోట తవ్వటానికి కొట్టు సాయిబు ముందు ఒప్పుకోలేదు. తర్వాత విషయం విని తనే గడ్డపార ఇచ్చాడు. "గోళీలు దొరికితే మీవి. ఇనుం దొరికితే నాది" అన్నాడు. మొదటి గుంటలో ప్లాస్టిక్ సంచులు. రెండో గుంటలో ఎవరిదో చెప్పు. బాబాయి ముళ్ళకంప నీడలో కూలబడితే గడ్డపార పిన్ని తీసుకుందట. మూడో గుంట ఆమె తవ్విందే. మోకాలి లోతున గాజు పెంకులు గలగలమన్నాయి. ఆకుపచ్చ, నీలం. వాటి మధ్య గోళీలు, ఒకటి కాదు, దోసిళ్ళతో. వాటిని ఆనుకుని సున్నం పెట్టి కట్టిన గోడ పునాది, తిన్నగా ఉత్తరం నుంచి దక్షిణానికి. పిన్ని ఒక గోళీ కొంగుతో తుడిచి, "ఇంత చిన్నదా మన పడమటి హద్దు?" అందట. వారం రోజుల తర్వాత ఆమె ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది.

సర్వేయరు నవ్వలేదు. ఆ పునాది మీద గొలుసు పెట్టి, దస్తావేజులో ఉన్నన్ని అడుగులు తూర్పుకి లాగితే, మట్టి కింద కంపెనీ ప్రహరీ అడుగు రాళ్ళు తగిలాయి. హద్దులు దొరికాయి గానీ, బండ్లబాట నాలుగు లైన్ల రోడ్డయి, స్థలంలో ముందు భాగం మింగేసింది. మిగిలినదాంట్లో గదిన్నర ఇల్లు పడుతుంది. నెలాఖరుకి వసారా ఖాళీ చేసి, ఇల్లు లేచేదాకా ఇనప కొట్టు సాయిబు వెనక గదిలో ఉన్నారు. ఆంజనేయులు టూరింగ్ టాకీసు ఎక్కడుండేదో కూడా అప్పుడే తేలింది. అచ్చం ఆయన చెప్పిన చోటే. మేం ఆయనకి ఆ శుక్రవారం క్షమాపణగా గోంగూర మాంసం వండిపెట్టాం. ఆయన తిన్నాడు గానీ క్షమించలేదు.

ఇప్పుడు ఎవరింటికి వెళ్ళాలన్నా ఫోన్లో నీలం చుక్క చెబుతుంది. మొన్న గొట్టం దొరికిన రోజు అల్ నహ్దాలో మా బిల్డింగు ఎలా ఉందో చూద్దామని అందులో వెతికాను. మేం నాలుగేళ్ళు వంకాయలు మాడ్చిన చోటికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగింది. రాజన్న తవ్విన ఇసుక స్థలంలో ఇరవై అంతస్తుల అద్దాల మేడ ఉంది. దాని కింద ఆ పాత కెఫెటీరియా కప్పులు ఇంకా కొన్ని ఉండే ఉంటాయి. అప్పట్లో "కెఫెటీరియా ఎదురుగా" అని చిరునామా చెబితే, మనిషి వచ్చేలోపే కెఫెటీరియా పోయేది. గుంటూరు యాభై ఏళ్ళు తీసుకుని చేసిన పనిని అల్ నహ్దా ఆరు నెలల్లో చేసేసింది. నాకు దేని మీదా ఫిర్యాదు లేదు. పొగాకు గోడౌన్లు పోయినందుకు ఊపిరితిత్తులు సంతోషించే ఉంటాయి. ఒక్కటే, ఈ నీలం చుక్క ఎప్పుడూ తప్పు చెప్పదు. తప్పు చెప్పనిదానితో శుక్రవారాలు గడవవు.

హద్దులు దొరికిన మరుసటి ఏడు సెలవుకి వచ్చినప్పుడు బాబాయి ఇంటికి వెళ్ళాను. గదిన్నర ఇల్లు, ముందు పచ్చ రంగు గుమ్మం. గుమ్మానికి పిన్ని రోజూ పసుపు రాస్తున్నట్టుంది, రంగు కనపడటం లేదు. అదే రోజు బాబాయి ఇల్లు పిన్ని పేర రాయిస్తున్నాడు. దస్తావేజు చిత్తుప్రతి నా ముందు పడేసి, "ఒరే, తప్పులు దిద్దేవాడివిగా, చూడు" అన్నాడు. చెక్కుబందీ దగ్గర నా పెన్ను ఆగింది. తూర్పు, పొగాకు కంపెనీ ప్రహరీ గోడ. పడమర, మస్తాన్ సాయిబు సోడా ఫ్యాక్టరీ గోడ.

"బాబాయ్, తూర్పున అపార్టుమెంటు కదా. పడమర సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. అవి రాయాలి."

ఆయన గొట్టం నా చేతికిచ్చాడు, పటాన్నీ ఒక గోళీనీ అందులో వేసి. "ఇది నీ దగ్గర పెట్టుకో. ఇక్కడుంటే మళ్ళీ ఎవడన్నా నమ్ముతాడు." తర్వాత నా చేతిలోని పెన్ను లాక్కుని మూత పెట్టేశాడు.

"సెల్‌ఫోన్ల షాపు పోతే కింద ఏముండిద్దిరా తవ్వుకోటానికి? నేను రాసింది రాసినట్టు ఉండనీ."